కొత్త బండి మీద గీత పడంగనే పెయింట్ అడగకుండ్రి

దసరా దగ్గరికొచ్చింది. షోరూముల నుంచి కొత్త బండ్లు ఎక్కువగ దిగేది ఇప్పుడే. పండుగ అయినంక మా బైకుల పెయింట్ షాపుకు వచ్చే ఫోన్లల్ల సగం ఒకటే తీరుగ ఉంటయి: "అన్నా, కొత్త బండి, ట్యాంకు మీద గీత పడ్డది, పెయింట్ కొడితే ఎంతయితది?" ఈసారి ముందే చెప్తున్న. ఇగ నుంచి ఫోన్ల, వాట్సప్ ఫోటో చూసి రేటు చెప్పం. బండి తేవాలె, నేను గోరు పెట్టి చూడాలె, అప్పుడే మాట్లాడుకుందాం.

కారణం ఉన్నది. కంపెనీల ఉత్త ట్యాంకుకు రంగు కొట్టి, 140 డిగ్రీల దగ్గర ఓవెన్‌ల కాలుస్తరు. మా బూత్‌ల, అంటే పెయింట్ కొట్టే గదిల, 60 డిగ్రీలు దాటియ్యం. మేము వాడే క్లియర్ (రంగు మీద కొట్టే మెరుపు పొర), హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే మందు) ఆ వేడికే తయారైనయి. మంచి సామాను పెట్టి ఎంత శ్రద్ధగ కొట్టినా, ఆ కాల్చిన పొర గట్టితనం మా చేతుల రాదు. మీ బండికి ఉన్న అన్నిట్లకన్నా మంచి పెయింట్ ఇప్పుడు దాని మీద ఉన్నదే. ఒక్క గీత కోసం దాన్ని గీకి పారేసి నాతోని కొట్టిస్తే నాకు లాభమే, మీకు కాదు.

మీరే ఇంటికాడ చూసుకోవచ్చు. గీత మీద జర నీళ్లు చల్లుండ్రి. తడి ఉన్నంత సేపు గీత కనబడకపోతే అది పైన ఉన్న క్లియర్ కోట్‌లనే ఉన్నట్టు. గోరు అడ్డంగ పోనిస్తే తట్టుకోకపోయినా అదే లెక్క. ఇది పాలిష్‌తోని పోతది. గోరు తట్టుకుంటే లోతు ఎక్కువ, సన్న బ్రష్‌తోని గీత వరకే రంగు పెట్టి టచప్ చేస్తం. దగ్గరికొచ్చి చూస్తే ఆనవాలు కనబడతది, ఆ మాట ముందే చెప్తున్న. లోపల ఇనుము మెరుస్తున్నదంటే మాత్రం ఆగకుండ్రి, వానలల్ల తొందరగ తుప్పు పడతది. ప్లాస్టిక్ ప్యానెల్‌కు తుప్పు బాధ లేదు, నిదానంగ రావచ్చు.

ఆ క్లియర్ కోట్ మందం సుమారు 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక అంతకన్నా మందం ఉంటది. పాలిష్ కోసం రబ్బింగ్ పెట్టి రుద్దిన ప్రతిసారి అది జర అరుగుతది. "నెలనెల పాలిష్ కొట్టన్నా" అనేటోళ్లకు నేను వద్దనేది అందుకే. మ్యాట్ రంగు, అంటే మెరుపు లేని రంగు బండ్లకైతే పాలిష్ అసలే చెయ్యం. రుద్దిన చోట మెరుస్తది, చుట్టూ మ్యాట్ ఉంటది, ఇంక దాన్ని సరిచేసే దారి లేదు. ఆ ప్యానెల్ మొత్తం కొట్టుడో, కొత్తది కొనుడో.

ఇగ గీతలు ఎక్కడ పడతయంటే, చానా మంది పార్కింగ్‌ల పక్కోణ్ణి తిడతరు. కాజీపేట స్టేషన్ స్టాండ్ల హ్యాండిల్‌కు హ్యాండిల్ ఆనిచ్చి పెడతరు, నిజమే. కానీ మా దగ్గరికొచ్చే సన్న గీతలు ఎక్కువ శాతం ఓనర్ చేతివే. పొద్దుగాల పొడి బట్ట తీస్కొని దుమ్ము తుడుస్తరు. ఆ దుమ్ముల ఇసుక ఉంటది, రోజూ గరుకు కాగితం (వాటర్ పేపర్) పట్టినట్టే. నీళ్లు కొట్టినంకనే మైక్రోఫైబర్ బట్ట పెట్టుండ్రి. బట్టల సర్ఫు వద్దు. తాళాల గుత్తిల ఇంటి చెవి, బీరువా చెవి అన్నీ కలిపి వేలాడేస్తే ఇగ్నిషన్ చుట్టూ గీరుకపోతది. ట్యాంకు కవర్ కింద దుమ్ము చేరితే పైన కనబడకుంటనే లోపల అరగదీస్తది. జాకెట్ జిప్పు, బెల్టు బకిల్ గురించి చెప్తే నవ్వుతరు గానీ, ట్యాంకు వెనుక భాగం చూసుకోండ్రి.

భద్రకాళి గుడికాడ పూజ చేయించుండ్రి, ఎవరు వద్దంటరు. తడి కుంకుమ బొట్టు మాత్రం పెయింట్ మీద ఎండనియ్యకుండ్రి, తెల్ల బండికైతే మరక ఉండిపోతది. బొట్టు నంబర్ ప్లేటు మీద పెడితే సరిపోతది. పూలదండకు తీగ ఉంటే తీసేసి దారంతోని కట్టుండ్రి. దండ వేసుకొని ములుగు దాకా పోయి రావద్దు.

డెలివరీ తీసుకునేటప్పుడు బండిని ఎండలకు తెచ్చి చూడుండ్రి. షోరూం లైట్ల కింద ఏదీ కనబడదు. గీత కనబడితే సంతకం పెట్టకముందే కాగితం మీద రాయించుకోండ్రి. ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట: కొత్త బండికి ఇచ్చే 5 ఏళ్లు థర్డ్ పార్టీకే, అంటే మీ బండితోని ఎదుటోళ్లకయ్యే నష్టానికే, మీ బండికయ్యే నష్టానికి ఇచ్చేది మామూలుగ ఏడాదికే. చిన్న గీతకు క్లెయిమ్ చేస్తే, మర్సటేడు వచ్చే 20 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యకుంటే ప్రీమియంల ఇచ్చే తగ్గింపు) పోతది. లెక్క వేసుకొని చెయ్యుండ్రి.

రేట్ల సంగతి. పాలిష్ 300 ఉండె, ఇప్పుడు 500 చేస్తున్న. ఇన్నాళ్లు పెయింట్ పనుల మీద వచ్చేది దీన్ని మోసింది. పెయింట్ పనులు నేనే తగ్గించుకుంటున్న కాబట్టి చేతిపనికి చేతిపని రేటు తీసుకోక తప్పదు. టచప్ రేటు మారలేదు. పెయింట్ ఒప్పుకున్న బండ్లు వానలు పూర్తిగ తగ్గినంకనే పట్టుకుంటం. గాలిల తేమ ఉంటే క్లియర్ పాలలెక్క తెల్లగయితది. పండుగకు ముందే కావాలనేటోళ్లు వేరే షాపు చూసుకోండ్రి, ఏమనుకోను.