వడ్ల సీజన్‌లో మా సర్వర్‌ను నిలబెట్టిన వారికి కృతజ్ఞతలు

మిర్యాలగూడలోని మా రైస్‌మిల్లు కాంటా దగ్గర వేసే ప్రతి తూకం మిల్లులోని ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో నమోదై, మార్పులను వెంటవెంటనే మరో సర్వర్‌కు పంపే ట్రాన్సాక్షనల్ రెప్లికేషన్ ద్వారా నల్లగొండ ఆఫీసు సర్వర్‌కు చేరుతుంది. యాసంగి వడ్లు ముమ్మరంగా వస్తున్న రోజుల్లో ఆ డేటాబేస్ లాగ్ (ప్రతి మార్పునూ వరుసగా రాసుకునే చిట్టా) నిండిందని చెప్పే 9002 నంబరు ఎర్రర్ చూపి కొత్త తూకాలు తీసుకోవడం మానేసింది. డేటా ఫైలు 40 జీబీ కూడా లేదు, లాగ్ ఫైలు మాత్రం 300 జీబీ దాటి డిస్కు మొత్తాన్ని ఆక్రమించింది. ఆ చిక్కులోంచి మమ్మల్ని గట్టెక్కించిన మహబూబ్‌నగర్ అన్నకు, అనుభవజ్ఞుడైన ఆ డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌కు, మా మిల్లు అందరి తరఫున కృతజ్ఞతలు తెలియజేస్తున్నాను. పేరు రాయవద్దని ఆయన కోరినందున రాయడం లేదు.

లాగ్ ఫైలు తీసేయమని కొందరు, లాగ్‌ను ఎలా దాచాలో నిర్ణయించే రికవరీ మోడల్‌ను సింపుల్‌కు మార్చమని మరికొందరు సలహా ఇస్తుండగా, అన్న ఫోన్‌లో చెప్పిన మొదటి మాట ఇది: "తమ్మీ, లాగ్ ఎంత పెరిగిందో తర్వాత చూద్దాం. ఎందుకు ఖాళీ అయితలేదో ముందుగాల దాన్నే అడుగు." డేటాబేస్‌ల వివరాలు చూపే సిస్ డేటాబేసెస్‌లో, లాగ్ ఎందుకు ఖాళీ కావడం లేదో చెప్పే లాగ్ రీయూజ్ వెయిట్ కాలమ్ చూస్తే 'రెప్లికేషన్' అని ఉంది. లాగ్ బ్యాకప్‌లు వేళకు జరుగుతూనే ఉన్నాయి. అయితే లాగ్‌ను చదివి మార్పులను రెప్లికేషన్‌కు అందించే లాగ్ రీడర్ ఏజెంట్ ఇంకా చదవని భాగాన్ని, రికవరీ మోడల్ ఏదైనా సరే, సర్వర్ తిరిగి వాడుకోనివ్వదు. ఆ ఏజెంట్ నడిచే విండోస్ ఖాతాకు పాస్‌వర్డ్ గడువు తీరడంతో అది ఆగిపోయి ఉంది.

ముందుగా వేరే డ్రైవ్‌లో తాత్కాలికంగా రెండో లాగ్ ఫైలు చేర్పించి, అదే పూట కాంటా మళ్లీ నడిచేలా చేశారు. పాస్‌వర్డ్ సరిచేసి ఏజెంట్‌ను నడిపితే, పేరుకుపోయిన లాగ్‌ను చదవలేక అది టైమ్‌అవుట్‌తో (గడువు దాటి) పడిపోతూ వచ్చింది. అప్పుడు ఒక్కో విడతలో చదివే లావాదేవీల సంఖ్యను, అంటే రీడ్ బ్యాచ్ సైజును, మామూలుగా ఉండే 500 నుంచి తగ్గించి, క్వెరీ టైమ్‌అవుట్‌ను 1800 సెకన్ల నుంచి పెంచారు. ఎస్‌పీ రెప్ల్‌డన్ అనే ఆదేశం నడిపితే చిటికెలో అయిపోతుందని ఒకరు సూచించినప్పుడు అన్న ససేమిరా ఒప్పుకోలేదు. అది నడిపితే పంపని తూకాలన్నీ పంపినట్లే లెక్కలో పడతాయి, నల్లగొండకు మాత్రం ఒక్కటీ చేరదు. మళ్లీ మొదటి నుంచి స్నాప్‌షాట్ (డేటా మొత్తం నకలు) ఇచ్చుకోవాలి. నల్లగొండలో తూకం కనిపిస్తేనే రైతు ఖాతాలో డబ్బు జమ చేసే పద్ధతి మాది కనుక, అన్నిటికన్నా ఆ నిరాకరణకే నేను ఎక్కువగా రుణపడి ఉన్నాను.

ఏజెంట్ చదవడం పూర్తయ్యాక లాగ్ బ్యాకప్ తీసి, ఫైలును కుదించే ష్రింక్‌ఫైల్ ఆదేశం నడిపితే ఫైలు దాదాపు తగ్గనే లేదు. వాడుకలో ఉన్న వర్చువల్ లాగ్ ఫైలు (లాగ్ ఫైలులోని ఒక ముక్క) చివరన ఉంటే ఇలాగే అవుతుందని, ష్రింక్ చివరి నుంచే కోస్తుందని ఆయన ముందే చెప్పి ఉన్నందువల్ల మేము కంగారుపడలేదు. మరికొన్ని తూకాలు పడి, నమోదు ఫైలు మొదటికి తిరిగాక, ఇంకోసారి బ్యాకప్ తీసి ష్రింక్ చేస్తే దిగివచ్చింది. పూర్తిగా కుదించనివ్వకుండా 16 జీబీ దగ్గర ఆపించి, పెరుగుదలను శాతంలో కాకుండా 512 ఎంబీ చొప్పున పెట్టించారు. లాగ్ పెరిగే ప్రతిసారీ ఆ మేరకు సున్నాలు నింపాలి కాబట్టి, ఒక్కసారిగా పెద్ద మోతాదులో పెరిగితే కాంటా దగ్గర లారీలు నిలబడతాయట. ఖాళీ అయిన రెండో ఫైలును చివరికి తీసేశాం.

సర్వర్ నిలిచిన వేళ చేతిరాత చీటీలతో తూకం ఆగకుండా చూసిన కాంటా సిబ్బందికి, ఆ చీటీలను నల్లగొండ సర్వర్‌లోని నమోదులతో ఒక్కొక్కటిగా సరిచూసిన మా అకౌంట్స్ అక్కకు కూడా ధన్యవాదాలు. ఏజెంట్ ఆగినా, ఆ కాలమ్‌లో 'రెప్లికేషన్' చాలాసేపు కదలకుండా ఉన్నా ఫోన్‌కు సందేశం వచ్చేలా అన్న రాసిచ్చిన జాబ్ ఇప్పుడు మా సర్వర్‌లో నడుస్తోంది.