స్పీకర్ వెనక రాసిన వాట్లు చూసి యాంప్లిఫయర్ కొనకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పాతకాలపు మేలిరకం స్పీకర్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న మంచి స్పీకర్లను దులిపి మళ్లీ వినాలని జనం ముందుకు రావడం నాకు ఎంతో సంతోషం. కానీ ‘స్పీకర్ వెనక ఎన్ని వాట్లని రాసి ఉంటే అన్ని వాట్ల యాంప్లిఫయర్ తీసుకుంటే సరిపోతుంది’ అని పెట్టెకట్టి మరీ వేసిన సలహా తప్పు. యాంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేయడమే నా వృత్తి. ఆ ఒక్క వాక్యాన్ని నమ్మి పాడుచేసుకున్న సామాను నా బల్ల మీదికి వస్తూనే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవైనా దయచేసి ప్రచురించండి.

వెనక రాసిన వాట్లు ఆ స్పీకర్ ఎంతవరకు తట్టుకోగలదో చెబుతాయి. దానికి ఎంత అవసరమో చెప్పవు. అవసరం తెలియాలంటే సెన్సిటివిటీ చూడాలి, అంటే ఒక్క వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తుందని. పాల్ క్లిప్ష్ 1946లో తెచ్చిన క్లిప్ష్‌హార్న్, గది మూలకు ఆనించి పెట్టే పెద్ద హార్న్ (బాకా ఆకారపు) స్పీకర్, సుమారు 104 డెసిబెల్స్ ఇస్తుంది. బీబీసీ ఇంజనీర్లు 1970లలో రూపొందించిన చిన్న పెట్టె ఎల్ఎస్3/5ఏ సుమారు 83 ఇస్తుంది. తేడా 21. ప్రతి 3 డెసిబెల్స్‌కూ శక్తి రెట్టింపు కావాలి కనుక, క్లిప్ష్‌హార్న్ ఒక్క వాటుతో పలికినంత గట్టిగా పలకడానికి ఈ చిన్న పెట్టెకు 125 వాట్లు కావాలి. అది తట్టుకునేదేమో సుమారు 25 వాట్లే. ఇది ఆ పెట్టె లోపం కాదు. ప్రసార వాహనాల్లో, ఇరుకు గదుల్లో దగ్గరగా కూర్చుని మాటను, పాటను పరీక్షగా వినడానికి చేసినది అది. దగ్గరగా కూర్చుని వింటే గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. పెద్ద హాలంతా మోగించాలని దాన్ని పెద్ద యాంప్లిఫయర్‌కు తగిలించడం అన్యాయం. అలాగే 8 వాట్ల వాల్వు (గాజు గొట్టాలతో పనిచేసే పాత తరహా) యాంప్లిఫయర్ క్లిప్ష్‌హార్న్‌కు ధారాళంగా సరిపోతుంది. దాని మీద 300 వాట్ల యంత్రం పెడితే మొదటి వాటులోనే అంతా జరిగిపోతుంది, మిగతాది వాడుకలోకే రాదు.

అసలు చిక్కు ఓముల దగ్గర ఉంది. ఓములంటే కరెంటుకు స్పీకర్ చూపే అవరోధం; అవి తగ్గేకొద్దీ యాంప్లిఫయర్ ఎక్కువ కరెంటు ఇవ్వాలి. మీ వ్యాసంలో దీని ప్రస్తావనే లేదు. స్పీకర్ మీద 8 ఓములని రాసినంత మాత్రాన అన్ని స్వరాల దగ్గరా 8 ఉండదు. బాస్ దగ్గర ఒకచోట 30కి ఎగబాకవచ్చు, మధ్యలో 3కి దిగవచ్చు. పీటర్ వాకర్ రూపొందించిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్‌నే చూడండి. 1957లో మార్కెట్లోకి వచ్చిన ఈ స్పీకర్‌లో కోన్ ఉండదు, అధిక వోల్టేజి ఎక్కించిన పల్చటి పొర ఒకటి రెండు పలకల మధ్య కదులుతుంది. పేరుకు 16 ఓములు. బాస్‌లో అంతకు రెట్టింపు ఉంటుంది, పైస్థాయి ధ్వనుల చివరకు వచ్చేసరికి 2 దగ్గరికి పడిపోతుంది. విద్యుత్తు దృష్టితో చూస్తే అది కెపాసిటర్ (విద్యుదావేశాన్ని నిలవచేసే భాగం) లాంటి భారం. కొన్ని ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లు ఆ భారం కింద అదుపు తప్పి తమలో తామే ఊగిసలాడుతాయి, వినేవారికి అది గరగరగా తెలుస్తుంది. ఇంకోవైపు వోల్టేజి మితిమీరితే పొరకూ పలకకూ మధ్య నిప్పురవ్వ లేచి పైస్థాయి ధ్వనుల ప్యానెల్‌కు చిల్లు పడుతుంది. ఆ చిల్లు చీకట్లో సన్నటి నీలి మెరుపుగా కనబడుతుంది, చిటచిటమంటుంది. వాకర్ కంపెనీ వాటికి జతగా అమ్మిన క్వాడ్ 2 యాంప్లిఫయర్ ఇచ్చేది 15 వాట్లే. అదే కంపెనీ 1975లో 100 వాట్ల 405 యాంప్లిఫయర్ తెచ్చినప్పుడు, ఈ పాత స్పీకర్లతో వాడేవారి కోసం దాని వోల్టేజిని తగ్గించే ఏర్పాటు చేసింది. చేసినవాళ్లే అంత జాగ్రత్త పడిన స్పీకర్‌కు, వాట్లు ఎక్కువైతే మేలని ఎవరైనా చెబితే నాకు కోపం వస్తుంది.

వాల్వు యాంప్లిఫయర్ తీసుకునేవారు ఇంకో లెక్క చూసుకోవాలి. ఫీడ్‌బ్యాక్ (బయటికి వచ్చే సంకేతంలో కొంత వెనక్కి పంపి సరిదిద్దుకునే ఏర్పాటు) లేని వాల్వు యాంప్లిఫయర్‌కు లోపల తనదంటూ 2 ఓముల అవరోధం ఉండటం సాధారణమే. స్పీకర్ 3 ఓములున్న చోట వోల్టేజిలో అయిదింట రెండు వంతులు యాంప్లిఫయర్ లోపలే ఖర్చవుతుంది. 30 ఉన్న చోట దాదాపు అంతా స్పీకర్‌కే చేరుతుంది. ఈ రెండు చోట్ల మధ్య తేడా దాదాపు 4 డెసిబెల్స్, అంటే బాస్ నాబ్‌ను ఎవరో గట్టిగా తిప్పి వదిలేసినట్టే. 0.1 ఓము ఉన్న మంచి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌తో అదే తేడా సుమారు పావు డెసిబెల్ మాత్రమే. వాల్వు శబ్దం తియ్యన అని చెప్పుకునే మాటల్లో చాలా భాగం ఈ తేడాదే. కొన్ని స్పీకర్లకు అది నప్పుతుంది. పాత 15 ఓముల ఎల్ఎస్3/5ఏను వాల్వు యాంప్లిఫయర్ 16 ఓముల కొనకు (వెనక స్పీకర్ తీగ బిగించే చోటుకు) కలిపి వినడం నాకు ఇష్టం. తర్వాత వచ్చిన 11 ఓముల రకానికి 8, 16 రెండు కొనలూ వేసి విని నచ్చినది ఉంచుకోవచ్చు. స్పీకర్ తగిలించకుండా మాత్రం వాల్వు యాంప్లిఫయర్‌లో పాట పెట్టకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయే ప్రమాదం ఉంది.

1980లలో వచ్చిన అపోజీ సింటిల్లా అనే రిబ్బన్ (కోన్ బదులు పల్చటి లోహపు పట్టీ కదిలే) స్పీకర్ ఒక్క ఓము భారంతో పనిచేసేది. దానికి 10 వోల్టులు పంపితే 10 ఆంపియర్లు లాగుతుంది. 8 ఓములకు 200 వాట్లు ఇస్తుందని చెప్పుకునే యాంప్లిఫయర్లు చాలావరకు అక్కడ చేతులెత్తేస్తాయి. అందుకే కొనేముందు 8 ఓముల అంకెతో పాటు 4 ఓములకు ఎంత ఇస్తుందో అడగండి. దాదాపు రెట్టింపు ఇస్తే దాని విద్యుత్ సరఫరా బలంగా ఉన్నట్టు. అడిగినా చెప్పకపోతే ఆ యంత్రాన్ని ఓములు బాగా తక్కువకు దిగే స్పీకర్లకు వాడకండి.

తక్కువ వాట్లు పెడితే స్పీకర్ భద్రం అన్న నమ్మకం కూడా సరికాదు. చిన్న యాంప్లిఫయర్‌ను శక్తికి మించి తిప్పితే తరంగాల శిఖరాలు నరికినట్టు చదునవుతాయి. ఆ నరుకుడులో పుట్టే పైస్థాయి ధ్వనులన్నీ ట్వీటర్ (పైస్వరాలు పలికే చిన్న స్పీకర్) మీద పడతాయి. నా దగ్గరికి వచ్చే కాలిన ట్వీటర్లలో ఇలా పోయినవే ఎక్కువ.

యాంప్లిఫయర్ గురించి ఆలోచించే ముందు స్పీకర్ ఆరోగ్యం చూడాలి. ఊఫర్ (బాస్ పలికే పెద్ద కోన్) అంచున ఫోమ్ ఉంటే వేలి కొసతో మెల్లగా తాకండి. నల్లగా జిగటగా అంటుకుంటే, పొడిలా రాలితే, ముందు అది మార్పించాలి. రెండు చేతుల వేళ్లతో కోన్‌ను సమంగా కొద్దిగా లోపలికి నొక్కి వదలండి. లోపల గీసుకుంటున్న చప్పుడు వస్తే వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) పక్కకు జరిగినట్టు. ఇటీవల ఒకాయన ఏఆర్-3ఏ స్పీకర్ల జత తెచ్చారు. 1967లో మొదలైన రకం అది, 4 ఓములు, విద్యుత్తు దండిగా తాగుతుంది. పైస్వరాలు మందంగా ఉన్నాయని ఆయన అప్పటికే యాంప్లిఫయర్ మార్చి ఇంకా పెద్దది కొన్నారు. మందం అలాగే ఉంది. నేను పెట్టె వెనక ఉన్న రెండు నియంత్రణ నాబ్‌లను అటూ ఇటూ తిప్పగానే ట్వీటర్ ఒక్కసారి పలికి మళ్లీ ఆగింది. లోపల తీగ చుట్టు మీద పచ్చటి తుప్పు పట్టి ఉంది. శుభ్రం చేసి, విలువ మారిపోయిన క్రాస్ఓవర్ (బాస్‌నూ పైస్వరాలనూ విడదీసి పంపే భాగం) కెపాసిటర్లను మార్చాక ఆయన పాత యాంప్లిఫయరే తగిలించి వినిపించాను. 4 ఓముల భారాన్ని అది తేలికగా మోసింది. కొత్తది ఆయనకు అక్కర లేకపోయింది.

మీ వ్యాసంతో పాటు వేసిన స్పీకర్ల పట్టికలో వాట్ల గడి ఒక్కటే ఉంది. దయచేసి దాన్ని మళ్లీ వేయండి. ప్రతి స్పీకర్‌కూ అతి తక్కువకు దిగే ఓములెన్నో, సెన్సిటివిటీ ఎంతో రెండు గడులు చేర్చండి. ఆ పెట్టెకట్టిన సలహా తప్పని కూడా పక్కనే అంతే పెద్ద అక్షరాలతో వేయండి.

భవదీయుడు,
యాంప్లిఫయర్లు బాగుచేసే ఒక పాఠకుడు