నా కళ్లజోడు నా దగ్గరే ఉంచండి

సంపాదకులకు నమస్కారం.

నొప్పికి వచ్చిన కొత్త మాత్ర సుజెట్రిజిన్ గురించి మీ ఆరోగ్య పేజీలో చదివాను. 2025 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించిన మందు అది. మార్ఫిన్ జాతి మందులు మెదడు మీద పనిచేస్తాయి. ఇది మాత్రం నొప్పి కబురు మోసే నరాల దగ్గరే దాన్ని అడ్డుకుంటుంది. సంతోషం. కానీ ఆపరేషన్ తర్వాత నన్ను ఏడిపించింది నొప్పి కాదు.

నాకు 71 ఏళ్లు, రిటైరైన లెక్కల మాస్టార్ని. పేగు ఆపరేషన్ తర్వాత ఇన్‌ఫెక్షన్ సోకి వెంటిలేటర్ మీద ఉన్నాను. ట్యూబు తీశాక రెండో రాత్రి నుంచి నాకది ఐసీయూ కాదు, పరీక్ష హాలు. మానిటర్లు కూస్తుంటే బెల్లు కొడుతున్నారనుకున్నాను. తెర వెనకాల ఆకుపచ్చ బట్టల్లో ఒకడు పేపర్ లీక్ చేస్తున్నాడు. నర్సులందరికీ అందులో వాటా! పోలీసులకు చెబుదామని లేవబోతే చేతులు మంచానికి కట్టేశారు. దాంతో నా అనుమానం కాస్తా రుజువైపోయింది.

ఒక నర్సు వచ్చి, "సార్, నేను ఇంగ్లిష్ అక్షరాలు చదువుతాను. ‘ఏ’ అన్నప్పుడల్లా నా చెయ్యి నొక్కండి" అంది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పినవాడికి ఎల్‌కేజీ పరీక్షా అని ఒళ్లు మండింది. నొక్కాను, ఫెయిలయ్యాను. మొత్తం పది అక్షరాలు, అందులో నాలుగు ‘ఏ’లు. రెండు తప్పులు దాటితే ధ్యాస నిలవడం లేదని లెక్క. ఇదంతా ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నదే. ఇలా ఉన్నట్టుండి మతి చెదిరి, లేనివి ఉన్నట్టు తోచడాన్ని డెలీరియం అంటారట. మా పెద్దవాళ్లు సంధి అనేవారు.

2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఊపిరి అందకో షాక్‌తోనో (అంటే బీపీ బాగా పడిపోయో) ఐసీయూలో చేరిన 821 మందిని గమనిస్తే 74 శాతం మందికి ఇది వచ్చింది. ఏడాది తర్వాత పరీక్షించినప్పుడు కూడా మూడోవంతు మంది ఆలోచనాశక్తి తలకు ఓ మోస్తరు దెబ్బ తగిలినవాళ్ల స్థాయిలోనే ఉంది. పోనీ మందుందా అంటే, భ్రమలకు వాడే హాలోపెరిడాల్ ఇచ్చినా ఉత్తుత్తి మందు ఇచ్చినా డెలీరియం ఉన్న రోజుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని 2018లో తేలింది. అందుకే ఇప్పటి మార్గదర్శకాలు నిద్ర, నడక, కళ్లజోడు, చెవి మిషన్ అంటున్నాయి.

నా కళ్లజోడు, చెవి మిషన్ చేరిన రోజే కవర్లో వేసి మా అబ్బాయి చేతికిచ్చేశారు. నాది మైనస్ ఆరు పవర్. గోడ గడియారం తెల్లటి మచ్చలా కనిపించేది, పగలో రాత్రో తెలిసేది కాదు. మూడో రోజు మా ఆవిడ గొడవపడి లోపలికొచ్చి కళ్లజోడు పెట్టింది. పేపర్ లీక్ చేస్తున్నవాడు సెలైన్ స్టాండుకు తగిలించిన ఆకుపచ్చ గౌను. లీక్ ఆ రోజుతో ఆగిపోలేదు గానీ, నిందితుడైతే దొరికాడు.

ఇంట్లోవాళ్లను ఎక్కువసేపు ఉండనిస్తే అంతా నయమైపోతుందని కూడా అనను. బ్రెజిల్‌లో 36 ఐసీయూల్లో రోజుకు 12 గంటల దాకా ఉండనిచ్చి చూశారు. 2019లో వచ్చిన ఫలితాల్లో డెలీరియం పెద్దగా తగ్గలేదు, ఇంటివాళ్ల ఆందోళన తగ్గింది. మా ఆవిడకు చదివి వినిపిస్తే "నాకు ఆ రెండోది చాలు" అంది.

నేనడిగేది చిన్నది. సంతకం పెట్టించుకునేటప్పుడే మత్తు డాక్టర్ గారు "ఇలా జరగొచ్చు, ఇది పిచ్చి కాదు" అని రోగికీ ఇంటివాళ్లకూ చెప్పాలి. కళ్లజోడు పేరు రాసి మంచం పక్కనే ఉంచాలి. డెలీరియం వస్తే డిశ్చార్జి కాగితంలో ఆ సంగతి రాయాలి. నా కాగితంలో పద్నాలుగు మందులున్నాయి, దీని గురించి ఒక్క ముక్క లేదు.

రివ్యూకి వెళ్తే కుట్లు చూశారు, బీపీ చూశారు. "ఇంకేమైనా ఇబ్బందా?" అని అడిగారు. లేదన్నాను. పేపర్ లీక్ సంగతి మా ఆవిడకు కూడా మూడు నెలల దాకా చెప్పలేదు.

- ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు