చింపిన కాగితాల సంచులు ఎప్పుడు విప్పుతారు?

ఒకప్పటి తూర్పు జర్మనీ రహస్య పోలీసు విభాగమైన స్టాసీ దస్తావేజుల బాధ్యత చూస్తున్న ఉన్నతాధికారి గారికి,

నమస్కారం. ఇది మీకు నేను రాస్తున్న నాలుగో లేఖ. మొదటి మూడూ అందినట్టు రసీదులు నా దగ్గర ఉన్నాయి, జవాబులు మాత్రం లేవు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా నా మాతృభాషలో రాస్తున్నాను. జర్మన్ ప్రతిని మీకు విడిగా పంపుతున్నాను.

మా అత్తగారు లైప్‌జిగ్‌లో టీచరుగా పనిచేశారు. 1978లో తూర్పు జర్మనీ ప్రభుత్వం తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సైనిక శిక్షణను తప్పనిసరి పాఠంగా పెట్టినప్పుడు, అది తప్పని ఆవిడ టీచర్ల సమావేశంలో లేచి చెప్పారు. ఆమెను అరెస్టు చేయలేదు. 1976లో స్టాసీ జారీచేసిన 1/76 ఆదేశం తన ఉద్యోగులకు ఏం నేర్పిందో మీకు నేను చెప్పనక్కరలేదు. మనిషిని జైల్లో పెట్టకుండానే పుకార్లు పుట్టించి, ఉద్యోగంలో ఎదగనివ్వకుండా, స్నేహితులను ఒక్కొక్కరినే దూరం చేసి, లోలోపల కుళ్ళబెట్టే పద్ధతి అది. రెండేళ్ళలో ఆవిడ బడి నుంచి ఒక గ్రంథాలయం గోదాములోకి మారారు. ఇంటికి వచ్చేవాళ్ళు రావడం మానేశారు.

స్టాసీ తమ మీద రాసిన ఫైళ్ళను చూసుకునే హక్కు ఇచ్చిన దస్తావేజుల చట్టం వచ్చాక ఆవిడ తన ఫైలు అడిగారు. ఫైలు సూచిక కార్డు మీద మూడు సంపుటాలని ఉంది, చేతికి వచ్చింది ఒక్కటే. అందులో ఒక పుటను నేను పక్కన కూర్చుని చదివాను: సాయంత్రం ఆరుగంటల నలభై నిమిషాలకు మెట్లెక్కింది, చేతిలో పాలసీసా ఉంది, పైకి వెళ్ళగానే కిటికీ తెర వేసింది. కింద ఆ సమాచారం ఇచ్చిన వేగు మారుపేరు. ఆ మెట్లను అంత దగ్గరగా చూడగలిగింది ఆ భవనంలో ఉన్నవాళ్ళే. ఆవిడ అనుమానం కింది వాటాలో ఉండే ప్రాణస్నేహితురాలి మీదికి పోయింది. ఆమె చనిపోయినప్పుడు మా అత్తగారు అంత్యక్రియలకు కూడా వెళ్ళలేదు. ఆ స్నేహితురాలు నిర్దోషి అయి ఉంటే? ఈ ప్రశ్న ఆవిడను రాత్రిళ్ళు నిద్రపోనివ్వడం లేదు.

1989 చివర్లో స్టాసీ ఉద్యోగులు చేతులతో చించి సంచుల్లో కుక్కిన కాగితాల్లోనే ఆ మిగతా రెండు సంపుటాలు ఉన్నాయేమో! దాదాపు 16 వేల సంచులు దొరికాయి. 1995 నుంచి మనుషులు చేత్తో అతికించి తేల్చింది కొన్ని వందల సంచులను మాత్రమే. 2007లో యంత్రంతో అతికిస్తామని, ముందుగా 400 సంచులు పూర్తిచేస్తామని ప్రకటించారు. చివరికి పూర్తయినవి ఇరవై మూడు. స్కానర్ చాలలేదన్నారు, తరవాత ఒప్పందం అన్నారు, ఇంకొన్నాళ్ళు నిధులన్నారు. 2021లో దస్తావేజులన్నీ జర్మనీ జాతీయ దస్తావేజుల సంస్థ ఫెడరల్ ఆర్కైవ్స్‌లో కలిశాయి. సంచులు మాత్రం సంచులుగానే ఉన్నాయి.

ఈ కాగితాలు వేగులను బయటపెట్టడానికే అని చాలామంది అనుకుంటారు. కానీ వేగులు కానివాళ్ళ మీద పడిన అనుమానాన్ని తుడిచేవి కూడా ఇవే. చింపినవాళ్ళు దోషుల పేర్లు దాచుకున్నారు, దాంతోపాటు నిర్దోషుల పరువు కూడా చించేశారు. అనుమానించినవాళ్ళూ అనుమానానికి గురైనవాళ్ళూ ఒకరి తరవాత ఒకరు వెళ్ళిపోతున్నారు. మా అత్తగారికి ఇప్పుడు డెబ్బై తొమ్మిదేళ్ళు.

అయ్యా, మేము పరిహారం అడగడం లేదు. లైప్‌జిగ్ జిల్లా కార్యాలయం నుంచి వచ్చిన సంచులు ఎన్ని, వాటి వంతు ఎప్పుడు, ఏ యంత్రంతో, ఎంతమందితో అన్నది ఒక కాగితం మీద రాసి పంపండి. ఈ ఏడాది కుదరకపోతే ఏ ఏడాదో చెప్పండి. ఆవిడ ప్రతి ఉదయం పోస్టుడబ్బా తెరిచి చూసుకుంటున్నారు.

భవదీయురాలు,
ఒక తెలుగు కోడలు, లైప్‌జిగ్