సుద్దముక్కలు పంచొద్దు, బుజ్జీ

చెన్నై,
ఆదివారం

చి. బుజ్జికి అమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ‘నాళె బా’ (కన్నడంలో ‘రేపు రా’) దెయ్యం కథ రెండుసార్లు చదివాను. బాగా రాశావు. భయం ఎక్కడ పుట్టాలో అక్కడే పుట్టింది. అందుకే వచ్చే శనివారం బెంగళూరులో మీ మారతహళ్లి అపార్ట్‌మెంట్ పిల్లలకు దీన్ని ఉన్నదున్నట్టు చెప్పొద్దంటున్నాను. వినేవాళ్లు నాలుగేళ్ల నుంచి తొమ్మిదేళ్ల దాకా ఉంటారన్నావు. తొమ్మిదేళ్ల వాళ్లకు ఇది కథగానే ఉంటుంది. నాలుగేళ్ల వాళ్లకు మాత్రం వారం తిరిగేసరికి జరిగిన సంగతి అయి కూర్చోవచ్చు.

1990లలో బెంగళూరులో ఈ కథ ఎందుకంతలా పాకిందో ఆలోచించు. రాత్రిపూట దెయ్యం తలుపు తడుతుంది, తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుంది. తలుపు మీద ‘నాళె బా’ అని ఉంటే చదువుకుని వెళ్లిపోతుంది, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుతుంది. మన ఊళ్లలో గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నదీ ఇలాంటిదే. దెయ్యాన్ని చూపించగలిగినవాళ్లు లేరు కానీ, రాతను ఎవరైనా చూపించగలరు. పక్కింటి తలుపు మీద సుద్దరాత కనిపించాక, దాన్ని రాయించినది కూడా ఎక్కడో ఉండే ఉంటుందనిపిస్తుంది. నువ్వేమో కథ చివర పిల్లలకు సుద్దముక్కలు పంచి, ఎవరి తలుపు మీద వాళ్లను రాసుకోమంటున్నావు. కథ అయిపోయాక కూడా రోజూ కంటబడే సాక్ష్యాన్ని వాళ్ల గుమ్మానికే అంటిస్తున్నావు.

మనసు ఏ జ్ఞాపకం మీదా ‘ఇది చూసింది, ఇది విన్నది, ఇది ఊహించుకున్నది’ అని చీటీ అంటించి దాచదు. గుర్తు చేసుకునే వేళకు ఆనవాళ్లను బట్టి తేల్చుకుంటుంది. 1981లో మార్షా జాన్సన్, కరోల్ రే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆ ఆనవాళ్లేమిటో వివరించారు. నిజంగా చూసినదానికి రంగు, చప్పుడు, చోటు, వేళ ఎక్కువగా అంటుకుని ఉంటాయి. ఊహించుకున్నదానికి, దాన్ని ఊహించడానికి పడ్డ శ్రమ జాడ ఎక్కువగా ఉంటుంది. ఇప్పుడు నీ కథ చూడు. రంగు, చప్పుడు, చోటు, వేళ అన్నీ నువ్వే అమర్చి పెడుతున్నావు, వినేవాడికి ఊహించే శ్రమే లేకుండా చేస్తున్నావు. చెప్పే నేర్పు పెరిగేకొద్దీ ఈ రెండూ తారుమారవుతాయి. చిన్నపిల్లల్లో ఈ తేల్చుకునే శక్తి ఇంకా కుదురుకోలేదు. మూడు, నాలుగేళ్లలో బాగా తక్కువ. ఆరేళ్లు దాటాక మెరుగుపడుతూ వస్తుంది.

కాబట్టి మొదట చోటు మార్చు. బి బ్లాక్, నాలుగో అంతస్తు, లిఫ్టు పక్క తలుపు అని రాశావు. ఆ పిల్లలు రోజుకు నాలుగుసార్లు ఆ లిఫ్టు ఎక్కుతారు. లిఫ్టు మోగిన ప్రతిసారీ కథ మళ్లీ మెదులుతుంది, మెదిలిన ప్రతిసారీ ఇంకాస్త చిక్కబడుతుంది. ఏడు కొండల అవతల ఏ పేరూ లేని ఊరికి తీసుకుపో. ‘నువ్వు తలుపు దగ్గరికి వెళ్లావు’ అని చెప్పడం కూడా వద్దు. వెళ్లేది కథలోని పిల్ల కావాలి, దానికో పేరుండాలి.

అమ్మ గొంతుతో దెయ్యం పిలిచే చోటు పూర్తిగా తీసెయ్. ఇందులో బేరం లేదు. రాత్రి భయమేసిన పిల్ల నిజమేదో తేల్చుకోవడానికి పట్టుకునే ఆధారం అమ్మ గొంతు ఒక్కటే. దాన్నే అనుమానంలో పడేస్తే ఇక ఆ పిల్ల దేన్ని పట్టుకోవాలి?

ఇక వాసనలు, చప్పుళ్లు. మల్లెపూల వాసన, గాజుల గలగల, చల్లటి చెయ్యి, తడి పాదాల గుర్తులు, ఎర్రచీర... అయిదూ దెయ్యానికే ఇచ్చేశావు. ఇవన్నీ పిల్లలు ఇంట్లో రోజూ చూసేవే. వీటిని పంచు. వాసన అవ్వ కాచే చారుకివ్వు, చల్లదనం కుండలో నీళ్లకివ్వు. దెయ్యానికి ఒక్కటి చాలు, అదీ లోకంలో ఉండనిది కావాలి: తాటిచెట్టంత జడ, లేదా వెనక్కి తిరిగిన పాదాలు. కథను అదేమీ పలచన చేయదు. తర్వాత ఎప్పుడు గుర్తొచ్చినా ‘ఇది కథలోది’ అని చెప్పే గుర్తు అదే అవుతుంది.

క్రియాపదాలు కూడా చూసుకో. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ కార్ల ప్రమాదం ఫిల్ము చూపించి, 50 మందిని కార్లు ‘తగిలినప్పుడు’ వేగమెంత అని, మరో 50 మందిని ‘గుద్దుకుని నుజ్జయినప్పుడు’ వేగమెంత అని అడిగారు. వారం తర్వాత, పగిలిన గాజు చూశారా అని అడిగితే మొదటివాళ్లలో ఏడుగురు, రెండోవాళ్లలో 16 మంది చూశామన్నారు. ఫిల్ములో పగిలిన గాజే లేదు. వాళ్లు పెద్దవాళ్లు, కళ్లారా చూసినవాళ్లు. నువ్వు ‘తలుపు బద్దలయ్యేలా బాదింది’ అంటే, నీ ఎదురుగా కూర్చున్న పిల్ల ఆ బద్దలైన తలుపు కూడా చూస్తుంది. ‘తట్టింది’ చాలు.

మన పాత కథలకు లోపలికి రావడానికో తలుపు, బయటికి పోవడానికో తలుపు ఉండేవి. ‘అనగనగా’ అనగానే పిల్లలు సర్దుకుని కూర్చునేవాళ్లు. ‘ఊ’ కొట్టడం నిద్రపోలేదని చెప్పడానికే అనుకుంటాం గానీ, ప్రతి ‘ఊ’ దగ్గరా వినేవాడు తాను వింటున్నానని తనకు తానే చెప్పుకుంటాడు. బుర్రకథలో కథకుడి పక్కన హాస్యగాడు మధ్యలో అడ్డం పడి మాట్లాడేదీ ఈ పని కూడా చేస్తుంది. రెండు మూడు వాక్యాలకోసారి ఆగు. ‘ఊ’ వినపడకపోతే ముందుకు పోకు. చివర ‘కథ కంచికి, మనం ఇంటికి’ అని అందరితో గట్టిగా అనిపించు, లైట్లన్నీ వేయించు. తలుపు తట్టిన చప్పుడు బల్ల కింద నీ వేళ్లతో ఎలా చేశావో చూపించు, వాళ్ల చేత చేయించు. దానికి పది నిమిషాలు కేటాయించు. కథను సాగదీసి ఈ పది నిమిషాలు తినేయకు.

కథలోంచి బయటికి పోయే ఆ తలుపు లేకుండా చేస్తే ఏమవుతుందో మీ ఊరికే తెలుసు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకారు బెంగళూరులోనూ పాకింది. మే నెలలో చామరాజపేట ప్రాంతంలో రాజస్థాన్ నుంచి పొట్టకూటికి వచ్చిన యువకుణ్ణి జనం కొట్టి చంపారు. ఆ రోజుల్లో ఫోన్లలో తిరిగిన వీడియోల్లో, బైక్ మీద వచ్చినవాళ్లు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోయేది ఒకటి. అది కరాచీలో తల్లిదండ్రుల్ని హెచ్చరించడానికి తీసిన చిన్న చిత్రం. అసలు చిత్రంలో పిల్లవాణ్ణి వెనక్కి తెచ్చి దింపి, హెచ్చరిక రాసిన కాగితం చూపిస్తారు. ఎవరో ఆ ముక్క కత్తిరించారు.

కథ తర్వాత ఏ తల్లయినా ఫోన్ చేసి ‘మా పాప దెయ్యాన్ని చూశానంటోంది’ అంటే, అబద్ధాలాడొద్దని పాపను కసరవద్దని చెప్పు. అది అబద్ధం కాదు. ‘చీర ఏ రంగు? ఎటు వెళ్లింది?’ అని కూడా అడగొద్దను. రంగు అడిగితే రంగు పుడుతుంది. ‘చూశావా, విన్నావా, అనుకున్నావా?’ అని నెమ్మదిగా ఒక్కసారి అడిగి వదిలేయమను. మళ్లీ మళ్లీ అడిగితే ఏమవుతుందో స్టీఫెన్ సెసి బృందం 1990లలో చూపించింది. ‘ఎలుకలబోనులో వేలు ఇరుక్కుని ఆస్పత్రికి వెళ్లావా?’ లాంటి జరగని సంగతుల గురించి బడికి పోని వయసు పిల్లల్ని వారానికోసారి పది వారాలు ఆలోచించి చెప్పమన్నారు. చివరికి 58 శాతం పిల్లలు కనీసం ఒక జరగని సంగతినైనా జరిగినట్టే వర్ణించారు. ఎవరు తోశారో, ఆస్పత్రికి ఎలా వెళ్లారో కూడా చెప్పారు. పిల్లలు అలా చెబుతుండగా తీసిన వీడియోలు చూసిన నిపుణులకు ఏది నిజమో తేలలేదు.

ఇంకొకటి, ఇది మిగతా అన్నిటికంటే ముఖ్యం. ఎప్పుడైనా ఒక పిల్ల తనను ఎవరో తాకారనో కొట్టారనో చెబితే, ‘కథల ప్రభావం’ అని కొట్టిపారేయకు. ‘ఏం జరిగిందో చెప్పమ్మా’ అని మాత్రమే అడుగు, పేర్లు నువ్వు అందించకు. ఆ పిల్ల అన్న మాటలు అన్నట్టే, తేదీ, వేళతో రాసిపెట్టి వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్. పదిమంది పది రకాలుగా అడగక ముందు అన్న మొదటి మాటలు చాలా విలువైనవి.

మార్చిన కథ గురువారం లోపు పంపు, చదివి చెబుతాను. సుద్దల బదులు తెల్లకాగితాలు తీసుకెళ్లు. దెయ్యానికి వాళ్లనే జడ వేయనివ్వు, ఎంత పొడవైనా సరే.

అమ్మ