బావ కారు, బ్యాటరీ తాత, వీధంతా హారన్

విజయనగరం
ఆదివారం మధ్యాహ్నం

ఒరే మావా,

నీ మెసేజులన్నీ చూశాను. జవాబివ్వలేదని అలిగావట, మీ చెల్లి చెప్పింది. అలుగు, కాదనను, తప్పు నాదే. ఫోన్ చేద్దామంటే నువ్వు డ్యూటీలో ఉంటావు, నువ్వు చేసే టైముకి నేను నిద్రలో ఉంటాను. పైగా ఈ సంగతి ఫోన్లో చెబితే మధ్యలో అడ్డం పడి "ఇంతకీ కారు స్టార్టయిందా లేదా" అని అడిగి కథంతా పాడుచేస్తావు. కాగితం మీదైతే నీకు ఆ అవకాశం లేదు, చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

ముందు క్షేమ సమాచారాలు గబగబా. అమ్మ మోకాలు పర్వాలేదు. మా చిన్నాడు లెక్కల్లో నీ వారసుడు, అంతకంటే చెప్పను. మీ నాన్నగారు మొన్న అరసవల్లి గుడి దగ్గర కనిపించారు, బాగున్నారు, నువ్వు ఫోన్ చెయ్యట్లేదని నాకు చెప్పుకున్నారు. ఎస్సైగారి మేక రహస్యం ఇంకా రహస్యంగానే ఉంది. అంతే. ఇక వార్తలు లేవు.

అసలు సంగతి మా బావ కారు. నీకు తెలుసుగా, హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, ఎర్ర పోర్షే కేమన్. నువ్వు ఫోటో చూసి "ఇది మీ వీధిలో తిరుగుతుందా" అని అడిగావు. తిరగదు. వీధి మొదట్లో స్పీడ్ బ్రేకర్ దగ్గరే పొట్ట గీసుకుంటుంది, పలక అడ్డం పెట్టి ఎక్కించాలి. బావ ఓడ దిగి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తెల్లారగట్ల భోగాపురం వైపు హైవే మీదకి తీసుకెళ్ళి మురిసిపోతాడు, మళ్ళీ ఓడెక్కితే నెలలు. ఆ నెలలన్నీ కారు అక్కావాళ్ళ ఇంటి ముందు షెడ్డులో కవరు కప్పుకుని పడుంటుంది. ఓడలో అంత పెద్ద జనరేటర్లు చూసుకునే చీఫ్ ఇంజినీరు, ఇంట్లో ఒక్క బ్యాటరీని చూసుకోలేకపోయాడు చూడు!

ఎల్లుండి మంగళవారం మా పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ. అక్క ఇంటికి పల్లెటూళ్ళ నుంచి చుట్టాలంతా దిగుతారు, ఆ షెడ్డులోనే వంటల పొయ్యిలు పెట్టాలి. "ఆ ఎర్ర డబ్బా తీసి పక్కన పెట్టరా" అంది. సరే అని తాళం తీసుకుని వెళ్ళి రిమోట్ నొక్కాను. ఏమీ లేదు. లైటు మెరవదు, చప్పుడు లేదు. తాళం లోపల చిన్న ఇనప తాళంచెవి ఒకటి దాచి పెడతారు, అది బయటకి లాగి డ్రైవర్ తలుపు తీశాను. ఇక్కడ ఒక తిరకాసు. ఈ తలుపులకి పైన ఫ్రేమ్ ఉండదు, అద్దం నేరుగా రబ్బరులోకి దూరి ఉంటుంది. మామూలుగా తలుపు తీసేటప్పుడు అద్దం దానంతటదే కాస్త కిందకి జారి దారిస్తుంది. కరెంటు లేనప్పుడు జారదు. రబ్బరుని ఒరుసుకుంటూ వస్తుంది. మెల్లగా, ఒక చేత్తో అద్దాన్ని లోపలికి నొక్కుతూ తీశాను, ఆ తర్వాత తలుపు పూర్తిగా వెయ్యకుండా గుడ్డ అడ్డం పెట్టి వదిలేశాను.

సరే, స్టార్టవకపోతే తోసేద్దాం అనుకున్నాం. వీధిలో కుర్రగుంటలు నలుగురొచ్చి చొక్కా చేతులు మడిచారు. కదలదు! గేరు పీలో, అంటే పార్కింగ్‌లో ఉంది, కరెంటు లేనిదే ఆ కడ్డీ పీ లోంచి రాదు. హ్యాండ్ బ్రేక్ చూద్దామంటే అదీ మీట కాదు, బటన్, దానికీ కరెంటే కావాలి. అక్క గరిటె పట్టుకుని నిలబడి చూస్తోంది.

బ్యాటరీ ఎక్కడుందో తెలుసా? ఈ కారుకి ఇంజిను వెనక సీట్లుండాల్సిన చోట ఉంటుంది, ముందు బానెట్ కింద సామాన్ల డిక్కీ, ఆ డిక్కీలోనే బ్యాటరీ. ఆ బానెట్ గొళ్ళెం కరెంటుతో తెరుచుకునేది. అంటే బ్యాటరీ బాగుచెయ్యాలంటే బానెట్ తియ్యాలి, బానెట్ తియ్యాలంటే బ్యాటరీ పనిచెయ్యాలి. బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి తలుపు మూసేసినట్టుంది! నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. ఒకడు స్క్రూడ్రైవర్ తెచ్చి సందులో దూర్చబోయాడు, వాణ్ణి ఆపేసరికి నా గుండె జారింది. రంగు గీత పడితే బావ ఓడ మధ్యలో దిగి ఈదుకుంటూ వచ్చేస్తాడు.

బావకి వాట్సాప్ కాల్ చేస్తే గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది. "గ్లవ్ బాక్స్... పుస్తకం..." అన్నాడు, తెగిపోయింది. ఆ పుస్తకం తీసి చదివితే అందులో ఉంది రా దారి. నాకైతే ఆ పేరా రాసినవాడికి దండం పెట్టాలనిపించింది. కాళ్ళ దగ్గర ఫ్యూజు బాక్సు మూత తీస్తే లోపల ఎర్ర టెర్మినల్ ఒకటుంటుంది, బయటకి లాగాలి. దానికి బయటి బ్యాటరీ పాజిటివ్, తలుపు గడియ పడే ఇనప కొక్కేనికి నెగటివ్. అప్పుడు తాళం మీద డిక్కీ బటన్ నొక్కితే గొళ్ళెం తెరుచుకుంటుంది. బానెట్ తెరవడానికి మాత్రమే సుమా, దాన్నుంచి కారు స్టార్ట్ చెయ్యకూడదు, ఆ సన్న తీగ స్టార్టర్ లాగే కరెంటుని తట్టుకోదు.

ఇక బ్యాటరీ కావాలి. గంటస్తంభం దగ్గర మనం చిన్నప్పుడు టార్చిలైటు బాగుచేయించుకున్న ముసలాయన గుర్తున్నాడా, అందరూ బ్యాటరీ తాత అంటారు? ఇంకా షాపులోనే కూర్చుంటున్నాడు. చెబితే ఒక స్కూటర్ బ్యాటరీని గుడ్డ సంచిలో వేసుకుని మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి "ఇంజనేది బాబూ?" అన్నాడు. వెనకుందన్నాను. "ఓలమ్మో" అని కూర్చున్నాడు.

ఎర్ర క్లిప్పు పెట్టాడు. నల్ల క్లిప్పు కొక్కేనికి ఆనించాడో లేదో, హారన్! కారు తన్ను దొంగలెత్తుకుపోతున్నారనుకుని అరవడం మొదలెట్టింది. మావా, ఆ అరుపు! పక్కింటి ఆవు పలుపు తెంపుకుంది. ఎదురింటి మేడ మీంచి రిటైర్డ్ తాసీల్దారుగారు లుంగీతో దిగొచ్చారు. తాత మాత్రం క్లిప్పు వదల్లేదు, చెవులు మూసుకోవడానికి చేతులు ఖాళీ లేవు కాబట్టి కళ్ళు మూసుకున్నాడు. నేను తాళం మీద బటన్లన్నీ నొక్కితే ఎప్పటికో ఆగింది, తర్వాత డిక్కీ బటన్ నొక్కితే "టక్" మని బానెట్ పైకి లేచింది. కుర్రగుంటలంతా చప్పట్లు. తాత లేచి పంచె దులుపుకుని, "ఇంత డబ్బెట్టి కొన్న కారుకి మూత తియ్యడానికి నా స్కూటర్ బేటరీ కావలసొచ్చిందేటి?" అన్నాడు. ఈ మాట నేను బావకి యథాతథంగా పంపాను. ఇంకా బ్లూ టిక్ పడలేదు.

లోపల మీటర్ పెట్టి చూస్తే 4 వోల్టులు. నిండుగా ఛార్జయి కాసేపు ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 చూపించాలి. 12.2 అంటే సగం అయిపోయినట్టు, 12కి దిగితే ప్రమాదం. 4 అంటే... ఏం చెప్పను. బావ కొన్న ఖరీదైన స్మార్ట్ ఛార్జర్ తగిలిస్తే, అది అక్కడ బ్యాటరీ ఉందనే నమ్మలేదు. మరీ కిందకి పోయిన బ్యాటరీని అలాంటి చాలా ఛార్జర్లు గుర్తించవట. తాత ఊడదీసి షాపుకి పట్టుకెళ్ళి తన పాత ఛార్జర్ మీద, తక్కువ కరెంటుతో, వోల్టేజి పెరిగిపోకుండా దగ్గరుండి ఎక్కించాడు. మర్నాటికి ఎక్కినట్టే ఎక్కి, తీసి పక్కన పెడితే మళ్ళీ జారిపోయింది. ఖాళీగా అన్నాళ్ళుంటే లోపల పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత పోసినా పట్టదు. "ఇది ఇంక మనిషవదు బాబూ" అన్నాడు. కొత్తది కొన్నాం. ధర చెప్పను, నువ్వు కాఫీ తాగుతూ చదువుతుంటావు.

కానీ నాకు అసలు మజా ఆ తర్వాతే. కారు ఊరికే నిలబడుంటే బ్యాటరీ ఎందుకు తాగేస్తుంది? తాత మనవడు, పాలిటెక్నిక్ చదువుతున్నాడు, వాడికి నిద్ర పట్టలేదట. నెగటివ్ తీగ విప్పి మధ్యలో మల్టీమీటర్ కలిపాడు. స్క్రూడ్రైవర్‌తో తలుపు గొళ్ళేన్నీ బానెట్ గొళ్ళేన్నీ మూసుకున్నట్టు తిప్పి కారుని నమ్మించాడు. వెంటనే చూడకూడదట, లోపలి కంప్యూటర్లన్నీ ఒక్కొక్కటీ నిద్రపోవడానికి అరగంటో గంటో పడుతుంది. మేం అరుగు మీద కూర్చుని టీ తాగాం. ఇలాంటి కారు నిద్రలో కూడా అలారానికీ, రిమోట్ వినడానికీ, గడియారానికీ కలిపి 30, 40 మిల్లీ ఆంపియర్లు తింటుంది. అది మామూలే. అలా అయితే రోజుకి 1 ఆంపియర్ అవర్ (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత), 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సగానికి రావడానికే అయిదు వారాలు. మా మీటర్‌లో మాత్రం అంతా పడుకున్నాక కూడా 250! అంటే రోజుకి 6. పన్నెండు రోజులు తిరక్కుండా ఖాళీ.

వాడు ఫ్యూజులు ఒక్కొక్కటీ తీసి చూస్తుంటే ఒకదాని దగ్గర అంకె ఢమాల్న పడిపోయింది. ఏంటంటావ్? డ్యాష్‌క్యామ్! బావ ఓడెక్కే ముందు ఏదో యాక్సెసరీస్ షాపులో పెట్టించుకున్నాడు. "కారు ఆగి ఉన్నా రికార్డు చేస్తుంది" అని సంబరపడ్డాడు. ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజుకి కలిపేశారు, బ్యాటరీ తగ్గితే దానంతటది ఆపేసే ఏర్పాటు ఉన్నా అదీ పెట్టలేదు. అది పాపం తన పని తాను చేసింది. కార్డు తీసి చూస్తే అందులో ఏముందో తెలుసా? కవరు. లోపలి వైపు నుంచి కవరు. చీకటి. మధ్యలో ఒకసారి పిల్లి కాళ్ళు.

ఒక్క విషయంలో మాత్రం అక్క గెలిచింది. ప్రతి ఆదివారం కారు స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచమని బావ చెప్పి వెళ్ళాడు. ఆవు బెదురుతోందని అక్క చెయ్యలేదు. మంచి పని చేసిందన్నాడు తాత. పది నిమిషాలు నిలబెట్టి ఉంచితే ఇంజిను సరిగా వేడెక్కదు, నీటి తడి ఆయిల్లోనే ఉండిపోతుంది, బ్యాటరీకి ఒరిగేది కూడా తక్కువే. నడిపితే అరగంట పైగా రోడ్డు మీద నడపాలి, లేదా ముట్టుకోకూడదు.

ఇప్పుడు ఏర్పాటేమిటంటే, ఆ స్మార్ట్ ఛార్జర్‌నే శాశ్వతంగా తగిలించాం. నిండాక అదే 13 వోల్టుల చిల్లర దగ్గర ఆగి, తగ్గినంత మాత్రం పోస్తూ ఉంటుంది. బ్యాటరీకి చిన్న తోక తీగ బిగించి బయటకి తెచ్చాం, కాబట్టి బానెట్ తెరవక్కర్లేదు. కరెంటు పోయి వచ్చాక ఛార్జర్ దానంతటదే మళ్ళీ మొదలవుతుందో లేదో మెయిన్ స్విచ్ కట్టి చూశాం, అవుతోంది. కానీ అక్టోబరంటే మనకి తుఫాను నెల. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మీ ఇంట్లో ఫోన్ ఛార్జింగ్ కోసం ఏం చేశామో (ఎవరికీ చెప్పకు) గుర్తుందిగా. అలా రోజుల తరబడి కరెంటు లేకపోతే నెగటివ్ తీగ తీసెయ్యడమే. అప్పుడు అలారం ఉండదు, గడియారం మళ్ళీ పెట్టుకోవాలి, అద్దాలకి ఎక్కడిదాకా ఎక్కి ఆగాలో మళ్ళీ పాఠం చెప్పాలి, పర్లేదు. కానీ బానెట్ మూసెయ్యకూడదు! మూస్తే మళ్ళీ తాతా, స్కూటర్ బ్యాటరీ, హారన్, తాసీల్దారుగారి లుంగీ. గొళ్ళెంలో తువ్వాలు మడిచి పెట్టమని అక్కకి చెప్పాను. "నా తువ్వాలు ఇవ్వను" అంది.

ఇదంతా నీకెందుకంటే, శ్రీకాకుళంలో మీ నాన్నగారి దగ్గర వదిలేసిన నీ కారుకి కూడా ట్రాకర్ పెట్టించావు కదూ? నీది మామూలు కారే, బానెట్ చేత్తో లాగితే వస్తుంది, అంత టెన్షన్ లేదు. కానీ నాన్నగారికి ఫోన్ చేసి (ఈ వంకనైనా చెయ్యి) మీటర్ పెట్టించి 12.4 కంటే తగ్గిందేమో చూడమను. ఎండలో పెట్టొద్దను, వేడికి బ్యాటరీ దానంతటదే త్వరగా దిగిపోతుంది. టెర్మినల్స్‌కి వాజిలిన్ రాయమను, మీవైపు ఉప్పు గాలి కదా. ఎలకలు కూడా...

ఆగు, అక్క ఫోన్. టెక్కలి చుట్టాలు స్టేషన్లో దిగేశారట, ఆటోలు సిరిమాను రేట్లు చెబుతున్నాయట, నన్ను రమ్మంటోంది. ఎర్ర డబ్బాలో తీసుకురానా అంటే తిట్టింది, అందులో ఇద్దరే పడతారు, వచ్చింది తొమ్మిది మంది. పాత సినిమా హాలు గోడ వెనక సంగతి ఒకటి చెప్పాలి నీకు, అది బ్యాటరీ కంటే పెద్ద కథ, మొన్న అనుకోకుండా ఎవరు కనిపించారంటే... లేదు, మళ్ళీ ఫోన్ మోగుతోంది. పోతున్నా.

నీ
గోడదూకుడుగాడు