షూటింగ్ విభాగం వార్షిక నివేదిక, 2024

సభ్యులందరికీ నమస్కారం.

టెక్సస్‌లోని మన తెలుగు సంఘం షూటింగ్ విభాగం ఈ ఏడాది చేసిన పనుల్లో ముఖ్యమైనది ఒక్కటే. ఇంట్లో పోసుకునే సీసపు బుల్లెట్లకు మైనం పట్టించడం దాదాపు మానేసి, పౌడర్ కోటింగ్‌కు, అంటే పొడి పూసి ఓవెన్‌లో కాల్చే పద్ధతికి మారాం. గురి కుదురుతుందని కాదు, ఇళ్లలో పసిపిల్లలున్నారని మారాం.

సీసం మెత్తన. బ్యారెల్లోంచి దూసుకుపోయేటప్పుడు లోపలి గాడులకు అంటుకుంటుంది. అలా పేరుకున్నది వదిలించడం ఎంత ప్రయాసో అందరికీ తెలుసు. అందుకే బుల్లెట్ చుట్టూ ఉండే గాడిలో తేనెమైనం, ఆలాక్స్ అనే మైనం లాంటి కందెన కలిపిన జిడ్డు నింపుతూ వచ్చాం. అది పనిచేయదని ఎవరూ అనరు. కాకపోతే పేల్చిన ప్రతిసారీ పొగ వస్తుంది, మన ఎండలకు గ్యారేజీలో కరిగి డబ్బా అడుగుకు దిగుతుంది, పైగా జిడ్డుతో పాటు సీసమూ వేళ్లకు అంటుతుంది. అదే చేత్తో పిల్లల్ని ఎత్తుకుంటాం.

వేసవికి ముందు జరిగిన వర్క్‌షాపులో కొత్త పద్ధతి అందరూ దగ్గరుండి చూశారు. ప్లాస్టిక్ డబ్బాలో బుల్లెట్లు, కాస్త పాలియెస్టర్ పౌడరు, ఎయిర్‌సాఫ్ట్ గుండ్లు (బొమ్మ తుపాకీల ప్లాస్టిక్ గుండ్లు) వేసి బాగా కుదిపితే, ఆ రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తు పొడిని సీసానికి పట్టిస్తుంది. పటకారుతో తీసి ట్రేలో పేర్చి, ఓవెన్‌లో 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 20 నిమిషాలు ఉంచాలి. వెలిసిపోయినట్టున్న పొడి కరిగి, బుల్లెట్లు కొత్త గాజుల్లా మెరుస్తూ బయటికొస్తాయి. చల్లారాక ఒకదాన్ని సుత్తితో అణగ్గొట్టి చూశాం. పూత సీసంతో పాటు సాగిందే తప్ప పెచ్చులూడలేదు. గాలిలో తేమ ఎక్కువున్న రోజు మాత్రం పొడి సరిగా పట్టదు. ఆ ఓవెన్‌లో మళ్లీ ఎప్పుడూ తినేది ఏదీ పెట్టకూడదు.

పూత వేస్తే చాలు, సీసం అంటుకోదని కొందరు అనుకుంటున్నారు. అది నిజం కాదు. బుల్లెట్ బ్యారెల్ కొలత కంటే అంగుళంలో వెయ్యింట ఒక వంతో, రెండు వంతులో లావుండాలి. సన్నగా ఉంటే వేడి వాయువు పక్కనుంచి కోసుకుపోతుంది, అప్పుడు ఏ పూతా ఆదుకోదు. పూత వేశాక సైజింగ్ చేయకుండా, అంటే అచ్చులోంచి నెట్టి సరైన కొలతకు తేకుండా ఎవరూ తూటాలో లోడ్ చేయవద్దు.

పోత దగ్గర జాగ్రత్తల గురించి మరోసారి గట్టిగా చెబుతున్నాం. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. కరిగిన సీసం ఉన్న కుండలో ఒక్క నీటి చుక్క పడినా సీసం పేలి ముఖం మీదికి చిమ్ముతుంది. తడి దిమ్మలు వేయవద్దు. పాత కారు బ్యాటరీల సీసం జోలికి అసలే పోవద్దు, దాన్నుంచి ప్రాణాంతకమైన వాయువులు పుట్టవచ్చు. పైకి తేలిన తెట్టును తీసేటప్పుడు లేచే దుమ్మే అసలు ప్రమాదం. నేలను చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. పని బట్టలు విడిగా ఉతకండి. గర్భిణులు, పిల్లలు ఆ గ్యారేజీ ఛాయలకు రాకూడదు. పోత పోసేవాళ్లంతా ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవాలని కమిటీ తీర్మానించింది. పిల్లల విషయంలో సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) 2021లో పెట్టిన గీటురాయి డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు. హాని లేని మోతాదు అంటూ ఏదీ లేదని గుర్తుపెట్టుకోండి.

ఆగస్టు సమావేశంలో తూటా జిడ్డు చరిత్ర మీద ప్రసంగం జరిగింది. కొత్త ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాకు ఆవు, పంది కొవ్వు పూశారన్న మాట 1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో సిపాయిల చెవిన పడింది. తమకు నచ్చిన జిడ్డు తామే పూసుకోవచ్చని ఆ నెలాఖరుకే అనుమతించినా పోయిన నమ్మకం తిరిగి రాలేదు. ఏప్రిల్ 24న మీరట్‌లో 85 మంది తూటాలు ముట్టబోమన్నారు. మే 10న తిరుగుబాటు రేగింది. చిన్నవాళ్లు ఎన్నో ప్రశ్నలు అడిగారు. చాలా సంతోషం.

హెచ్-1బీ మీద ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసాదారులు తుపాకీలే కాదు, మందుగుండు కూడా దగ్గర ఉంచుకోకూడదు. తూటాలో పెట్టని విడి బుల్లెట్ కూడా చట్టం లెక్కలో మందుగుండే. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపులున్నాయి, లాయర్ని అడగండి. అది తేలేదాకా మీ చేతికి పని ఇవ్వం, దయచేసి నొచ్చుకోవద్దు. సొంతానికి చేసుకున్నవి ఎవరూ అమ్మకూడదు, దానికి వేరే లైసెన్సు కావాలి.

సంక్రాంతికి ఇండియా వెళ్లేవాళ్లు రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగును ప్రయాణానికి వాడకండి. జేబు మూలలో మరిచిపోయిన ఒక్క తూటాతో ఎయిర్‌పోర్టులో ఆయుధాల చట్టం కింద కేసు పడుతుంది. జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపుతారు.

కార్యదర్శి